కంప్యూటర్లో కరువు

పోయిన నెల మా తమ్ముడి కూతురు అఖిల బెంగళూరు నుంచి మదనపల్లెకు వచ్చింది. వీడియో గేములు తయారుచేసే కంపెనీలో దానికి ఉద్యోగం. కాళ్ళు కడుక్కుని కాఫీ తాగిందో లేదో, లాప్‌టాప్ తెరిచి నా పక్కన చేరింది. నూరేళ్ళ కిందటి మన పల్లెలో ఒక రైతు కుటుంబాన్ని ఆడేవాళ్ళే నడిపించే ఆటట. మన సీమనే తీసుకున్నాం అత్తా, నువ్వు చూసి చెప్పాలి అంది. చూశాను. కొండలు మావే. బండల మధ్య సీతాఫలం చెట్లు మావే. చాలా ముచ్చటేసింది. అంతలో చేను కనిపించింది. చేను నిండా ఎర్రగా టమేటాలు. నాకు నవ్వు ఆగలేదు. నూరేళ్ళ కిందట ఈడ టమేటా యాడిది మే, అన్నాను. అది ఏమాత్రం తడుముకోకుండా, తెర మీద ఎర్రగా ఉంటే బాగుంటుంది కదత్తా, ఆడేవాళ్ళకు సంతోషం కావాల గానీ చరిత్ర పాఠం ఎవరిక్కావాల అంది. ఇంకాసేపు చూస్తే ఆ పల్లెలో వాన చెప్పినట్టు వస్తోంది, ఎద్దులు గడ్డి తినకుండానే దున్నుతున్నాయి. అఖిలకు ఏం చెప్పాలో నాకు ఆ క్షణాన తోచలేదు. కానీ ముక్కుకు మాత్రం ఒక వాసన తగిలింది. వేడెక్కిన ప్లాస్టిక్కూ, ఫినాయిలూ, కొత్త కంబళీ కలిసిన వాసన. మా బడి కంప్యూటర్ గది వాసన.

నలభై ఏళ్ళ కిందటి మాట. అప్పుడు నేను మదనపల్లెలో చిన్నమ్మ వాళ్ళింట్లో ఉండి చదువుకునేదాన్ని. మా ఊరు పుంగనూరు. శనివారం మధ్యాహ్నం బస్సెక్కి ఊరికి పోవడం, సోమవారం పొద్దున్నే తిరిగి రావడం. చిన్నాయనకు చెనక్కాయల మండీ ఉండేది. ఆయన ఇంట్లోకి అడుగుపెడితే చొక్కాలోంచి చెనక్కాయ దుమ్ము వాసన వచ్చేది. చిన్నమ్మ రోజూ పొద్దున పొయ్యి మీద చెనక్కాయ విత్తనాలు వేయించి, రోట్లో ఊరుబిండి పచ్చడి నూరేది. ఆ రోలు చప్పుడే మాకు అలారం. సంగటి ముద్దలో గుంట చేసి, నెయ్యి వేసి, పక్కన ఊరుబిండి పెట్టి, తిని పో అనేది. బడిలో ఏం చెప్పారని ఒక్కనాడూ అడిగేది కాదు, ఏం తిన్నావని మాత్రం అడిగేది. ఇలాంటి ఇంటి నుంచి నేను రోజూ నడిచిపోయి, చెప్పులు వాకిట్లో విడిచి, కాళ్ళు తుడుచుకుని ఆ గదిలోకి వెళ్ళేదాన్ని. అంతకుముందు అది ఆడపిల్లల కుట్టు తరగతి. ప్రభుత్వం కొన్ని బళ్ళకు కంప్యూటర్లు పంపినప్పుడు మా బడికీ ఒకటి వచ్చింది. దానికోసం కిటికీలకు కంబళ్ళు కట్టారు, దుమ్ము పడకుండా. కుట్టు మిషన్లు వరండాలోకి పోయాయి. టీవీ లాంటి తెర, మీటల పలక, పక్కన ఒక టేప్ రికార్డర్. మనం రాసింది దాచుకోవాలంటే క్యాసెట్‌లోకి ఎక్కించాలి. అది ఎక్కేటప్పుడు కీచుమని చేసే చప్పుడు మాకు పాటలా ఉండేది.

గది తాళం లెక్కల సార్ దగ్గర ఉండేది. ఆయన ఎక్కడో శిక్షణకు వెళ్ళొచ్చారు. పాపం నేర్చుకున్నదంతా మాకు చెప్పాలనే ఆయన ఆత్రం. కానీ మా తరగతిలో మంజునాథ్ అని కుప్పం పిల్లాడు ఒకడుండేవాడు, హాస్టల్లో ఉండి చదివేవాడు. సార్ ఒకటి చెప్పేలోగా వాడు మూడోది చేసి చూపించేవాడు. సార్‌కు కోపం వచ్చేది కాదు. వాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని తనూ నేర్చుకునేవారు. ఆ మంజు ఒకరోజు మా అందరినీ పిలిచి తాను రాసిన ఆట చూపించాడు. నువ్వొక పాళెగాడివి. నీకొక కోట ఉంది, గుర్రాలున్నాయి, ఏనుగులున్నాయి. పక్క కోట మీదికి దండెత్తాలా వద్దా అని కంప్యూటర్ అడుగుతుంది. బొమ్మలేమీ లేవు, నల్లటి తెర మీద అక్షరాలే. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. 'ఏనుగులు పంపుతావా' అని అది అడగడం, మేమంతా గట్టిగా చదవడం, మీట నొక్కడం. మాకు ఒళ్ళు జలదరించింది. ఒక యంత్రం మమ్మల్ని పాళెగాళ్ళను చేసి, తెలుగులో ప్రశ్న అడుగుతోంది. ఆ వారమంతా మేం చుట్టుపక్కల కోటలన్నీ గెలిచి పారేశాం.

ఆ సంబరం విని ఒకరోజు మా సోషల్ సార్ మునిరత్నం వచ్చారు. పొడుగ్గా, కొంచెం వంగి నడిచే మనిషి, ఎప్పుడూ తెల్ల పంచె. ఆయన పాఠంలో రాజుల కంటే రాజుల వంటవాళ్ళే ఎక్కువ కనిపించేవాళ్ళు. ఆటంతా నిలబడి చూశారు. మంజు గర్వంగా ఆయన వైపు తిరిగాడు. ఆయన మెల్లిగా అడిగారు.

"ఏమప్పా, ఈ ఏనుగులు ఏం తింటాయి?"

మంజు తెర మీది ఏనుగుల లెక్క వైపు చూశాడు. సార్ తిట్టలేదు, ఎగతాళి చేయలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగారు. మన సీమలో ఏనుక్కు మేత యాడుంటాది, చెరుకు తోటలుండాయా, దానికి నీళ్ళు ఎవరు మోస్తారు, దండు పోయేటప్పుడు ఎద్దుల బండ్లు ఎన్ని కావాల, ఆ ఎద్దులకు గడ్డి ఎవరి చేన్లోంచి పెరుకుతారు. ఆయన అడుగుతూ పోయేకొద్దీ మా కోట కూలిపోతూ వచ్చింది. విచిత్రమేమిటంటే మాకెవరికీ బాధ కలగలేదు. ప్రతి ప్రశ్నకూ మంజు కళ్ళు ఇంకాస్త పెద్దవయ్యాయి. ఆ సాయంత్రమే వాడు గుర్రాలకు ఉలవలు చేర్చాడు. మర్నాడు ఆడితే దండు సగం దారిలో ఆగిపోయింది. ఉలవలు లేవు. ముందు రోజు దాకా మీట నొక్కి గెలిచిన వాళ్ళం, ఇప్పుడు తల పట్టుకుని ఆలోచిస్తున్నాం. ఆట ఒక్కసారిగా ప్రాణం పోసుకున్నట్టయింది. ఓడిపోయినవాడు లేచి పోకుండా, ఇంకొక్కసారి అని బతిమాలడం నేను ఆ రోజే చూశాను.

అప్పటి నుంచి మాకు వివరాల ఆకలి పట్టుకుంది. గుర్రం ఎంత తింటుంది, వాన వస్తే రాగులెంత పండుతాయి, రాకపోతే ఎంత. పుస్తకాల్లో యుద్ధాలున్నాయి, రాగులు లేవు. ఇండ్లల్లో అడుక్కోండి అన్నారు సార్. ఆ శనివారం నేను పుంగనూరు బస్సెక్కాను, అడగాల్సినవన్నీ నోట్లో నెమరేసుకుంటూ.

పుంగనూర్లో మా ఇంటికి పెద్ద మా జేజి. నాన్నకు అమ్మ. పొట్టి మనిషి, గట్టి గొంతు. తెల్లవారగానే రాగుల కుండలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఎంత ఉందో చూసుకునేది. ఇంట్లో మూటలు మూటలు ఉన్నా సరే, ఆ కుండలో చెయ్యి పెట్టనిదే ఆమెకు పొద్దు పొడవదు. ఇంకొక అలవాటు చింతగింజలు. చింతపండు కొట్టేటప్పుడు గింజల్ని అందరూ పారబోస్తారు, లేదంటే అమ్మేస్తారు. జేజి వాటిని ఎండబెట్టి ఒక కుండకు ఎత్తి అటక మీద పెట్టేది. ఎందుకని అమ్మ అడిగితే ఉండనీలే అనేది. నేను ఇంటికి చేరేసరికి ఆమె నడవలో కూర్చుని చింతపండే కొడుతోంది. పుల్లటి వాసన ఇల్లంతా నిండి ఉంది. పక్కనే కూర్చుని, ఒక ఎద్దు దినానికి ఎంత గడ్డి తింటుంది జేజీ అని అడిగాను. యాల, కొంటావా అంది. అప్పుడు కంప్యూటర్ గురించి చెప్పాను. ఆమెకు అది పెద్ద వింతగా అనిపించలేదు. సోదెమ్మ అడిగినట్టు అడుగుతాదా అంది. ఇంచుమించు అంతే అన్నాను. తర్వాత అడిగినవన్నీ చెప్పింది. ఎద్దు మేత, గంపెడు రాగులకు ఇంట్లో ఎన్ని ముద్దలు, నెలలు కాదు కార్తెలు రాసుకోమని, మృగశిరలో పడాల్సిన వాన పడకపోతే ఆరుద్ర దాకా చూస్తారని, ఆ తర్వాత ఉలవలు చల్లుతారని. నేను గబగబా మనసులో పెట్టుకుంటున్నాను. మాటల్లో, గింజలు అయిపోతే జనం చచ్చిపోయినట్టు మంజు రాశాడని చెప్పాను. ఆమె చేతిలో రాయి ఆగింది.

"గింజలు అయిపోతే సస్తారా? యాల మే? కాళ్ళు లేవా వాళ్ళకి?"

ఆ తర్వాత ఆమె చెప్పింది మా నాన్న కూడా అంతకుముందు విన్నది కాదు. జేజి చిన్నపిల్లగా ఉన్నప్పుడు వరసగా వానలు తప్పాయట. ముందు చింతగింజలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి తిన్నారు. ఎద్దులకు మేత లేక ఇంటి మీది బోదగడ్డి కప్పు పీకి వేశారు. కప్పు లేని ఇంట్లో చుక్కలు చూస్తూ పడుకోవడం తనకు ఆటగా ఉండేదట. ఆఖరికి వాళ్ళ నాయన, కుప్పం కొండల్లో గడ్డి ఉందని, ఇంకాస్త ముందుకు పోతే బంగారు గనుల్లో కూలి దొరుకుతుందని విని, ఎద్దుల్ని బండికి కట్టి బయల్దేరాడు. పలమనేరు, వి.కోట మీదుగా నడక. బండిలో మనుషులకు చోటు లేదు, ఎద్దులకు లాగే ఓపికా లేదు. నడవలేని ముసలి అవ్వను ఇంట్లో ఉంచారు. ఆమెను చూసుకోవడానికి పెద్దకూతుర్ని, అంటే జేజి వాళ్ళక్కను ఉంచారు. ఉన్న కాసిని రాగులు వాళ్ళకే వదిలారు. మళ్ళీ వానలు పడ్డాక ఎద్దుల్ని తోలుకుని తిరిగొచ్చారు, ఊళ్ళో అందరికంటే ముందు మడక కట్టి దున్నారు. అంతవరకు చెప్పి జేజి మళ్ళీ రాయి అందుకుంది.

"వచ్చి సూస్తే అవ్వ ఉండాది. అక్క లేదు," అంది. అంతే. చింతపండు కొట్టడం మొదలుపెట్టింది.

సోమవారం నేను బడికి పరుగెత్తినట్టే పోయాను. మునిరత్నం సార్‌కూ మంజుకూ అంతా చెప్పాను. మంజు వెంటనే, అయితే పాళెగాడి ఆటలో జనం బంగారు గనులకు పోయేటట్టు రాస్తా అన్నాడు. సార్ నవ్వారు. పాళెగాళ్ళ కాలంలో ఆ గనులు యాడివప్పా, రెండు కాలాల్ని ఒకే కుండలో పోస్తే ఎట్లా అన్నారు. అక్కడ మాకు చిక్కొచ్చిపడింది. ఏనుగులు కావాలంటే జేజి కథ వదలాలి. జేజి కథ కావాలంటే ఏనుగులు వదలాలి. మంజుకు ఏనుగులంటే ప్రాణం. రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు. మూడో రోజు వచ్చి, కోటను చెరిపేశాను సుజాతా, ఇప్పుడుండేది ఒక ఇల్లే అన్నాడు. నాయన, అమ్మ, పెద్దకూతురు, చిన్నకూతురు, కొడుకు, అవ్వ, ఒక జత ఎద్దులు, ఒక కుండ రాగులు. ప్రతి కార్తెకూ ఏం చేయాలో ఆడేవాళ్ళే చెప్పాలి. విత్తనాలు దాచుకోవచ్చు, తినేయొచ్చు. ఎద్దుల్ని అమ్మొచ్చు, ఉంచుకోవచ్చు. కప్పు పీకొచ్చు. ఊరు విడవొచ్చు. విడిస్తే ఎవరెవరు పోతారో, ఎవరు ఉంటారో చెప్పాలి.

మొదటిసారి తరగతిలో ఆడించినప్పుడు 'మృగశిర వచ్చింది. వాన రాలేదు' అని తెర మీద అక్షరాలు పడ్డాయి. ఏనుగుల ఆటకు కేకలు పెట్టిన మా తరగతి మెల్లిగా తెర దగ్గరికి జరిగింది. కప్పు పీకాలా వద్దా అని రెండు వర్గాలుగా చీలి గంటసేపు వాదించుకున్నాం. బయటికొచ్చి సైకిళ్ళ దగ్గర కూడా వాదించుకున్నాం. కానీ ఎవరూ గట్టెక్కలేదు. ఒకసారి విత్తనాలు పోతే ఒకసారి ఎద్దులు పోయేవి. లెక్కల సార్ ఇబ్బందిగా, కొంచెం వాన కలిపితే బాగుంటుందేమో, కుప్పంలో బళ్ళ సైన్సు ఎగ్జిబిషన్ ఉంది, అక్కడ అందరూ ఓడిపోతే ఎవరాడతారు అన్నారు. అది న్యాయమైన మాటే. మునిరత్నం సార్, కష్టంగా ఉంటే ఉండనీ, అబద్ధం మాత్రం వద్దు అన్నారు. వాన వచ్చే సంవత్సరాలు నిజంగానే ఉంటాయి కాబట్టి వాటినీ పెట్టమన్నారు. ఎప్పుడొస్తుందో మాత్రం ఆడేవాళ్ళకు తెలియకూడదు.

కుప్పం ఎగ్జిబిషన్‌కు ఆడపిల్లను ఒంటరిగా పంపడం చిన్నమ్మకు ఇష్టం లేదు. ఎవరైనా తోడుంటేనే అంది. ఆ సంగతి పుంగనూరుకు చేరితే జేజి, నేను పోతా అందట. ఊరు దాటి పోవడానికి ఎప్పుడూ ఇష్టపడని మనిషి. నాన్న ఆశ్చర్యపోయాడు. కంప్యూటర్ను కంబళ్ళలో చుట్టి జీపులో పెట్టారు. తెరను లెక్కల సార్ పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకున్నారు. మిగిలిన వాళ్ళం బస్సులో. పుంగనూరులో జేజి ఎక్కింది, చేతిలో బొరుగుల మూట. పలమనేరు దాటాక కిటికీలోంచి కదలకుండా చూస్తూ కూర్చుంది. వి.కోట దగ్గర ఒక బండను చూపించి, ఆడ మా అమ్మ కూసోని ఇంక నడవలేననింది అని చెప్పింది. మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

కుప్పంలో ఒక బడి ఆవరణలో ఎగ్జిబిషన్. గోబర్ గ్యాస్ నమూనాలు, నిప్పులు కక్కే కొండ, నీటి చక్రం. మా గది ముందు మాత్రం తిరునాళ్ళలాగా జనం. కంప్యూటర్ చూడ్డానికి వచ్చినవాళ్ళే అందరూ. మంజు సొంత ఊరు కాబట్టి వాడి బంధువులంతా దిగారు. మేం భయపడ్డట్టే అందరూ ఓడిపోయారు, కానీ ఎవరూ కదల్లేదు. ఓడినవాడు వెనక్కి తిరిగి తర్వాతివాడికి సలహా చెప్పేవాడు. నేను తెర మీది మాటలు గట్టిగా చదవడం, వాళ్ళు చెప్పింది మంజు నొక్కడం. నా గొంతు బొంగురుపోయింది. ఇంత సంతోషం నాకు ఆ వయసులో ఇంకెప్పుడూ కలగలేదు.

బహుమతులు నిర్ణయించే అధికారి వచ్చే వేళకు జేజి ముందుకొచ్చింది. నేనాడతా అంది. జనం చోటిచ్చారు. ఆమె కుర్చీలో కూర్చోలేదు, నా భుజం పట్టుకుని నిలబడింది. మొదటిసారి వాళ్ళ నాయన చేసినట్టే చేసింది. అవ్వనూ పెద్దకూతుర్నీ ఇంట్లో ఉంచింది, ఎద్దుల్ని తోలుకుపోయింది. దారిలో ఒక ఎద్దు చచ్చిపోయిందని తెర చెప్పింది. మావి సావలేదే అంది జేజి, గట్టిగా. మంజు వినయంగా వివరించాడు. లోపల గవ్వలు వేసినట్టు వేస్తుంది జేజీ, ఒక్కోసారి ఒక్కోరకంగా పడతాది అన్నాడు. ఆమెకు వెంటనే అర్థమైంది. అయితే మళ్ళా ఎయ్యి అంది.

రెండోసారి ఎవరినీ వదల్లేదు. అందరినీ, ఎద్దుల్ని, బండి మీద అవ్వనూ తీసుకుని బయల్దేరింది. పలమనేరు చేరేసరికి రాగులు అయిపోయాయి. ఎద్దులు పడిపోయాయి. జనంలో ఒక నిట్టూర్పు. అధికారి గడియారం చూసుకుంటున్నాడు. నేను జేజి ముఖం వైపు చూశాను. ఆమె తెర వైపే చూస్తోంది, లెక్క వేసుకుంటోంది. మళ్ళా ఎయ్యి అంది. ఈసారి మొదట్లోనే ఎద్దుల్ని పుంగనూరు సంతలో వచ్చినకాడికి అమ్మేసింది. ఆ డబ్బుకు రాగులు తీసుకుంది. ఊరు విడిచేటప్పుడు ఎవరెవరు పోతారని తెర అడిగింది. అందరూ అంది. మంజు నొక్కాడు. కంప్యూటర్ ఒప్పుకోలేదు. ఎద్దుల్లేవు కాబట్టి బండి లేదు. అవ్వ నడవలేదు. అలా రాసింది మేమే.

"మా నాయన ఎత్తుకుంటాడు. గట్టోడు మా నాయన," అంది జేజి.

మంజు చేతులు మీటల మీద ఆగిపోయాయి. అలాంటి దారి ఆటలో లేదు. వాడు మునిరత్నం సార్ వైపు చూశాడు. నేనూ చూశాను. అబద్ధం వద్దన్న మనిషి ఆయన. ముసలామెను వీపున మోసుకుంటూ ఒక ఆకలిమనిషి కుప్పం దాకా నడవగలడా? సార్ జేజి వైపు చూశారు.

"ఆయన్ని సూసిన మనిషి ఈమె ఒక్కతే కదప్పా. రాయి," అన్నారు.

మంజు ఆట ఆపి, అక్కడికక్కడే ఆ వరస మార్చాడు. ఎత్తుకుని నడిస్తే మెల్లగా పోతారు, దినానికి సగం దూరమే. అది కూడా రాశాడు, జేజి తలాడించింది. మళ్ళీ మొదలైంది. పలమనేరు వచ్చింది. రాగులున్నాయి, కొంచెమే. వి.కోట వచ్చింది. నేను చదువుతుంటే జనమంతా నాతోపాటు పెదవులు కదుపుతున్నారు. చివరికి తెర మీద పడింది. 'కుప్పం చేరారు. అందరూ ఉన్నారు.' ఎవరో చప్పట్లు కొట్టారు, తర్వాత గదంతా కొట్టింది. మంజు ఎగిరి కుర్చీలోంచి లేచాడు. ఇంకా ఉండాది జేజీ, మళ్ళీ వాన పడినాక ఎద్దుల్లేకుండా సేద్యం ఎట్లా చేస్తావో చూడాల అన్నాడు. అది అసలైన ప్రశ్నే. ఆటలో అంతకంటే కష్టమైన భాగం అదే. జేజి మాత్రం చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడికి సాలప్పా. ఆపు."

వాడు ఆపాడు. కానీ జనం ఆగలేదు. గుడుపల్లె నుంచి వచ్చిన ఒక ముసలామె ముందుకు తోసుకొచ్చి, మా ఇంట్లో ఎద్దుల్లేవు, గొర్లుండేవి, గొర్లు పెట్టప్పా అని మంజును పట్టుకుంది. ఇంకొకాయన, కొండలో గడ్డి కోసుకోవాలంటే గార్డుకు చెయ్యి తడపాల, అది యాడుండాది మీ ఆటలో అని అడిగాడు. లెక్కల సార్ నవ్వాపుకోలేక కళ్ళు తుడుచుకున్నారు. మంజు గొర్రెల్ని చేరుస్తూ కూర్చున్నాడు. గొర్రె ఎంత మేస్తుంది, ఎన్ని ఈనుతుంది, అన్నిటికీ ఒకరికి మించి ఒకరు జవాబులు చెబుతున్నారు. అధికారి కాసేపు చూసి, గోబర్ గ్యాస్ వాళ్ళకు బహుమతి ఇచ్చి వెళ్ళిపోయాడు. మాకు ఆ సంగతి సాయంత్రం దాకా తెలియనే తెలియదు, తెలిశాక కూడా పట్టలేదు.

ఇప్పటి ఆటల్లో గడ్డిపోచ గాలికి ఊగడం కూడా కనిపిస్తుంది. మా దాంట్లో గడ్డి అనే మాట తప్ప గడ్డి లేదు. అయినా ఆ రోజు గదిలో ఉన్నవాళ్ళందరికీ గడ్డి కనిపించింది, అది ఎండిపోవడం కూడా. ఒక్కొక్క వివరం నిజమైనప్పుడల్లా ఇంకొకరి నోరు తెరుచుకుంది. అందంగా లేని ఆట కోసం అంతమంది అంతసేపు ఎందుకు నిలబడ్డారని చాలా ఏళ్ళు ఆలోచించాను. ఎవరి ఇంట్లో జరిగింది వాళ్ళు అందులో వెతుక్కున్నారు. ఏది లేకపోయినా ఊరుకోలేకపోయారు. టమేటాలు పండే కరువులో ఎవరూ తమ ఇంటిని వెతుక్కోరు. మా అఖిలకు పోయిన నెల నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఇదే. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ చెప్పాను. అది ఒప్పుకుందో లేదో తెలియదు గానీ, ఎద్దు దినానికి ఎంత తింటుందని మాత్రం అడిగింది.

ఎగ్జిబిషన్ రోజు సాయంత్రం కుప్పంలో సామాను సర్దుకుని బయల్దేరేటప్పుడు మంజు జేజి దగ్గరికొచ్చాడు. ఆటలో వాళ్ళకు పేర్లు లేవని, పెద్దకూతురు అని మాత్రమే ఉందని, ఆ పిల్లకు పేరు పెడతానని అన్నాడు. జేజి కొంచెం తటపటాయించి, నాగమ్మ అంది. నేను ఆ పేరు మా ఇంట్లో ఎన్నడూ వినలేదు. మంజు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. ఆమెకు చదవడం రాదు, అయినా వంగి ఆ అక్షరాల్ని దగ్గరగా చూసింది. ఏది 'నా' అని అడిగింది. వాడు వేలితో చూపించాడు.

బస్సులో జేజి బొరుగులు విప్పి నాకు పెట్టింది, తనూ తింది. పోయేటప్పుడు ఒక్క మాటతో సరిపెట్టిన మనిషి వచ్చేటప్పుడు ఆపకుండా మాట్లాడింది. నాగక్క చెట్లెక్కేదట. గొంతు బాగుండేదట. జేజిని జడ వేసుకోనిచ్చేది కాదట, నాగక్కే వేయాలట. పలమనేరు ఎప్పుడు దాటామో నాకు తెలియలేదు. బాగా చీకటి పడ్డాక పుంగనూర్లో దిగాం. నాన్న వాకిట్లో ఆవుకు గడ్డి వేస్తున్నాడు. ఏమైందమ్మా, మనోళ్ళు గెలిచినారా అని అడిగాడు. జేజి తొట్టి దగ్గర నిలబడి చెంబుతో కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటోంది.

"మా నాగక్కను కుప్పం దాంక పిలుచుకోని పోయొచ్చినాప్పా," అంది.

నాన్న ఆమె వైపూ నా వైపూ చూశాడు. చేతిలోని గడ్డి కింద పెట్టి, ఏ నాగక్క అమ్మా అని అడుగుతూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. జేజి కొంగుతో కాళ్ళు తుడుచుకుని, ఆయన పక్కన చోటు చేసుకుని కూర్చుంది.